తాతగారి వెండి రూపాయి: దాని లోపములు, దాని వెల

చదువవలసిన భాగములు: ఆదికాండము 23వ అధ్యాయము, లేవీయకాండము 19:35, 36, సామెతలు 20:14.



మన పల్లెలలో ట్రంకు పెట్టె అడుగుననో, బియ్యపు కుండలోనో, అవ్వగారి పాత చీర చెంగుముడిలోనో ఒకటి రెండు వెండి రూపాయలు లేని ఇల్లు అరుదు. పెద్దలు బ్రదికియున్నంత కాలము వాటిని గూర్చి ఎవరును మాటలాడరు. పెద్దలు గతించిన తరువాత పెట్టె తెరచిన దినమున రెండు తలంపులు ఆ ఇంట ప్రవేశించును. ఇది లక్షలు పలుకునని ఒకరు చెప్పుదురు. ఇది నల్లబడిన పాత బిళ్ల, కంసాలికి వేసి కరిగింపుమని మరియొకరు చెప్పుదురు. ఈ రెండు తలంపులును చాలమట్టుకు తప్పే. ఇట్టి నాణెమును చేతపట్టుకొని దానిని న్యాయముగా ఎట్లు పరీక్షింపవలెనో ఈ పాఠములో చూతము.

మొదట తూకము. అబ్రాహాము శారాను పాతిపెట్టుటకు మక్పేలా పొలమును కొన్నప్పుడు నాలుగువందల తులముల వెండిని లెక్కపెట్టి యియ్యలేదు, తూచి యిచ్చెను. ఆ కాలమున ముద్ర వేసిన నాణెములు లేవు. అవి క్రీస్తునకు పూర్వము 7వ శతాబ్దమున లిడియా దేశమునందు మొదట పుట్టినవి. హెబ్రీ భాషలో షెకెలు అను తూకమునకు మన తెలుగు బైబిలును తర్జుమా చేసినవారు తులము అను మాటను వాడిరి. ఆ మాట చక్కగా అమరినది. యూదా రాజుల కాలపు తూకపు రాళ్లు త్రవ్వకములలో దొరికినవి. వాటినిబట్టి షెకెలు సుమారు 11.3 గ్రాములని తేలినది. మన తులము 11.66 గ్రాములు. 1835వ సంవత్సరమున కంపెనీవారు చేసిన చట్టము ప్రకారము రూపాయి తూకము 180 గ్రెయిన్లు, అనగా సరిగా ఒక తులము. కాబట్టి మీ ఇంటనున్న విక్టోరియా రూపాయి నాణెము మాత్రమే కాదు, అది ఒక తూకపు రాయి కూడ. పూర్వము అంగళ్లలో రూపాయి బిళ్లలనే తులపు రాళ్లుగా త్రాసులో వేసెడివారు.

ఆ తులములో పండ్రెండింట పదునొకండు పాళ్లు వెండి, ఒక పాలు ఇతర లోహము. గ్రాములలో చెప్పవలెనన్న 10.69 గ్రాముల మేలిమి వెండి. చేతులు మారి అరిగిన రూపాయి 11.4 గాని 11.3 గాని తూగవచ్చును, అది సహజము. 11 గ్రాములకు దిగిన యెడల ఎవరైన అంచును అరగదీసిరా, లేక అది దొంగ నాణెమా అని అనుమానింపవలెను. ఆ దినము వెండి ధర ఎంతయో తెలిసికొని 10.69తో, లేక అరుగుదలనుబట్టి దానికి తగ్గిన అంకెతో గుణించిన యెడల మీ రూపాయికి అడుగు వెల వచ్చును. అంతకంటె తక్కువకు ఎవరికిని ఇయ్యనక్కరలేదు.

అయితే అన్ని రూపాయలును ఒకటి కావు. ఇక్కడనే మన పల్లెవారు ఎక్కువగా మోసపోవుచున్నారు. రాజు తలను, సంవత్సరమును చదువుడి. 1835 అని యుండి విలియం రాజు తల యున్నను, 1840 అని యుండి విక్టోరియా రాణి తల యున్నను అవి కంపెనీ నాణెములు. వెనుకవైపు ఆకుల దండలో వెల ఇంగ్లీషులోను పారసీలోను ఉండును. 1862 మొదలుకొని రాణి కిరీటము ధరించి, వెనుకవైపు ఇండియా అను పేరుతో కనబడును. 1877 మొదలుకొని క్వీన్ అను మాట పోయి ఎంప్రెస్ అను మాట వచ్చెను. ఆ సంవత్సరము జనవరి 1వ తేదీన ఢిల్లీ దర్బారులో ఆమె చక్రవర్తినిగా ప్రకటింపబడెను గదా. 1903 మొదలుకొని 1910 వరకు కిరీటము లేని ఎడ్వర్డు తల. తరువాత అయిదవ జార్జి. 1911వ సంవత్సరపు రూపాయిలో ఈ రాజు వస్త్రముమీది ఏనుగు బొమ్మ పందివలె కనబడుచున్నదని ప్రజలు ఆక్షేపింపగా ప్రభుత్వమువారు వాటిని వెనుకకు తీసికొని చాలవరకు కరిగించి, 1912లో బొమ్మను దిద్ది మరల అచ్చు వేసిరి. కాబట్టి 1911 అనునది 1912, 1913లకంటె అరుదు. సేకరించువారు దానికి కొంత అధికముగా ఇత్తురు.

ఇంతవరకు చెప్పినవన్నియు మంచి వెండి. ఆరవ జార్జి కాలమున, రెండవ ప్రపంచ యుద్ధములో వెండికి కరువు వచ్చినందున, 1940 మొదలుకొని రూపాయిలో వెండి సగమునకు తగ్గింపబడెను. తక్కినది రాగి, నికెలు, తుత్తునాగము. తూకము అదే తులము, కాని అందు మేలిమి వెండి 5.83 గ్రాములే. 1947వ సంవత్సరపు రూపాయికి వెనుకవైపు పెద్దపులి యుండును. అది అచ్చమైన నికెలు, అందు వెండి లేనేలేదు. అయస్కాంతము చూపిన యెడల అంటుకొనును. స్వాతంత్ర్యము వచ్చిన సంవత్సరపు నాణెమని దాచుకొనుట మంచిదే గాని వెండియని ఎంచరాదు.

తెలంగాణ జిల్లాలలోని కుటుంబములయందు నిజాముగారి హాలీ సిక్కా కూడ కనబడును. చార్మినారు బొమ్మయు పారసీ అక్షరములును దాని గురుతు. అది 11.18 గ్రాములు, నూటికి సుమారు 82 పాళ్లు వెండి, అనగా 9.14 గ్రాములు. సంవత్సరము హిజరీ లెక్కలో నుండును గనుక 1330 అని చూచి ఏడువందల యేండ్లనాటిదని భ్రమపడకుడి. అది మన లెక్కకు 1912. ఈ నాణెములు 1959వ సంవత్సరమువరకు చెలామణిలో నుండెను.

ఇక లోపముల మాట. ఇందులకే ఈ పాఠము వ్రాయుచున్నాను గనుక నెమ్మదిగా చదువుడి.

1862 అని యున్న విక్టోరియా రూపాయిని ఒకదానిని తీసికొనుడి. అది నిజముగా 1862లోనే పుట్టెనని చెప్పలేము. ఆ అచ్చును పండ్రెండేండ్ల పైబడి వాడుచు సంవత్సరమును మార్చకయే ముద్రించిరి. బొంబాయి టంకశాలవారు మాత్రము కొన్నిటిమీద సన్నని చుక్కలు పెట్టి అసలు సంవత్సరమును సూచించిరి. కావున ఇది చాల విరివిగా దొరకు నాణెము. పాతది వేరు, అరుదైనది వేరు. నూటయరువది యేండ్ల వయస్సుగల వస్తువు విరివిగా దొరకవచ్చును, దానికంటె చిన్నది దొరకకపోవచ్చును. ఆరవ జార్జి 1939వ సంవత్సరపు వెండి రూపాయి విక్టోరియా రూపాయలలో అనేకముల కంటె అరుదు. అరుదైనవాటికే దొంగ అచ్చులు పుట్టును గనుక అట్టిది మీ చేతికి వచ్చినప్పుడు సంతోషించుటకు ముందు అనుమానింపవలెను.

నాణెమును కిటికీయొద్దకు తీసికొనిపోయి వెలుతురు ప్రక్కనుండి పడునట్లు పట్టుకొనుడి. దానిమీద గీత కనబడిన యెడల అది పైకి లేచి యున్నదా, లోనికి దిగి యున్నదా అని గోటితో గాక కంటితో చూడుడి. పైకి లేచిన గీత టంకశాలలో పుట్టినది. అచ్చు పగిలినప్పుడు ఆ పగులులోనికి వెండి ఎక్కి గీతగా నిలిచినది. అది పుట్టుకతో వచ్చిన గురుతు, దానివలన వెల తగ్గదు, కొన్నిసార్లు పెరుగును. లోనికి దిగిన గీత తరువాత మనుష్యుల చేతులవలన వచ్చినది. దానివలన వెల తగ్గును. ఈ ఒక్క భేదము తెలిసిన వానిని నాణెముల వర్తకుడు సులభముగా బెదరింపలేడు.

అరుగుదల మొదట ఎత్తైన చోట్ల కనబడును: రాణి చెంపమీద, చెవి దగ్గర, కిరీటపు కొనలయందు. వెనుకవైపు పూల కొసలు చదునగును. సరాఫులు వేసిన చిన్న చిన్న ముద్రలు కొన్ని పాత నాణెములమీద ఉండును. వెండి మంచిదో కాదో పరీక్షించిన సరాఫు తన గురుతు కొట్టెడివాడు. చూచుటకు అవి పుండ్లవలె నున్నను, ఈ నాణెము ఒకప్పుడు పరీక్షకు నిలిచెనని వాటివలన తెలియును. సేకరించువారిలో కొందరు వాటిని ఇష్టపడరు, కొందరు కోరి వెదకుదురు.

మన ఇండ్లలోని రూపాయలకు మిక్కిలి తరచుగా కలుగు లోపము వేరొకటి. స్త్రీలు రూపాయల పేరు చేయించుకొని మెడలో ధరించెడివారు. కంసాలి ప్రతి రూపాయి అంచునను టంకము పెట్టి కొక్కెము అతికించెడివాడు. కష్టకాలమున కొక్కెము విరిచి రూపాయిని మరల ఖర్చు పెట్టెడివారు. అట్టి నాణెమును గుర్తించుటకు అంచు చుట్టునున్న సన్నని నిలువు గీతలను చూడుడి. ఒకచోట గీతలు చెరిగి, గరుకుగా, రంగు మారి యున్న యెడల అక్కడ కొక్కెము ఉండెనని తెలిసికొనవచ్చును. అరగదీసి నునుపు చేసినను వేడిమికి మాసిన మచ్చ పోదు. పసిపిల్లల మొలత్రాటికి కట్టుటకు చిల్లు పొడిచిన నాణెములు మరికొన్ని. ఆ చిల్లును వెండితో పూడ్చి అక్షరములు మరల చెక్కి అమ్మువారున్నారు. పూడ్చినచోట అక్షరములు బ్రదుకులేని వాటివలె నుండును. ఒక గుండ్రని జాడ సన్నగా కనబడును. కొక్కెముగాని చిల్లుగాని పడిన నాణెమునకు సేకరించువారి యొద్ద విలువ చాల తగ్గిపోవును; సాధారణముగా వెండి వెలయే దానికి మిగులును.

దొంగ నాణెమును పట్టుకొనుటకు ఇంటనే కొన్ని ఉపాయములున్నవి. వేలి కొనమీద నిలిపి మరియొక నాణెముతో మెల్లగా తట్టినయెడల మంచి వెండి చాలసేపు సన్నగా మ్రోగును. అయస్కాంతము అంటరాదు. అంటకపోయినంత మాత్రమున వెండి యని నమ్మకుడి, సీసమును రాగియు కూడ అంటవు. అన్నిటికంటె నమ్మదగినది నీటి పరీక్ష. కంసాలియొద్దనున్న సన్నని త్రాసుమీద నీళ్ల గ్లాసు పెట్టి, అంకెను సున్న చేయించి, నాణెమును దారముతో కట్టి గ్లాసు అడుగును తాకకుండ నీటిలో ముంచుడి. మంచి వెండి రూపాయి అయినచో అంకె సుమారు 1.13 గ్రాములు చూపును. అరిగినదైతే రవ్వంత తగ్గును. 1.3 చూపిన యెడల అది మంచి వెండి కాదు. గీటురాయిమీద గీయనియ్యకుడి, గీసినందువలన మరియొక లోపము చేరును.

నలుపును గూర్చి ఒక మాట. గాలిలోని గంధకమువలన వెండి నల్లబడును. అది త్రుప్పు కాదు, లోపమును కాదు. అయినను మన తల్లులు పండుగకు చెంబులు తోమినట్లు నాణెమును చింతపండును బూడిదయు పెట్టి తోమి తళతళలాడించి అంగడికి పంపుచున్నారు. ఆ తోముటలో వేలకొలది సన్నని గీతలు పడును. ఎన్నియో యేండ్లు జాగ్రత్తగా దాచినదానిని అయిదు నిమిషములలో చెరుపుకొనుట యిదియే. మురికి యున్న యెడల గోరువెచ్చని నీళ్లలో ముంచి, రుద్దకుండ, మెత్తని గుడ్డమీద ఆరనిచ్చుట చాలును.

కొంతకాలము క్రిందట ఒక కుటుంబమువారు పంపకమునకు నన్ను కూర్చుండుమనిరి. విధవరాలైన తల్లి గతించినది. ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. తల్లి రూపాయల పేరులో పండ్రెండు రూపాయలు. పెద్ద కుమారుడు మనిషికి నాలుగు చొప్పున పంచి, “చెల్లెమ్మా, అరుగుదల లేని కొత్త రూపాయలు నీకే ఇచ్చితిని, చూడు ఎట్లు మెరయుచున్నవో” అనెను. ఆ నాలుగింటిని చూడగా 1943, 1944, 1945. తక్కిన యెనిమిదియు విక్టోరియా, ఎడ్వర్డు, అయిదవ జార్జి రూపాయలు. లెక్కకు సమానమే. వెండికి చూచిన అన్నదమ్ములిద్దరికి తలా 42 గ్రాముల దరిదాపు, ఆమెకు 23 గ్రాములు. అన్న తెలిసియే చేసెనో తెలియక చేసెనో నేను విచారింపలేదు. త్రాసు తెప్పించి, కాగితముమీద అందరు చూచునట్లు లెక్క వ్రాసితిని. 1925వ సంవత్సరపు భారత వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా లేకుండ గతించిన విధవరాలైన క్రైస్తవ తల్లి ఆస్తి కుమారులకును కుమార్తెలకును సమానముగా చెందునని కూడ చెప్పితిని. సెలోపెహాదు కుమార్తెలు మోషే యెదుట నిలిచి అడిగినది సంఖ్యాకాండము 27లో ఉన్నది గదా.

మరల పంచునప్పుడు మనిషికి మూడు మంచి రూపాయలు, ఒక సగపు వెండి రూపాయి అనుకొన్నను ఎనిమిదిని మూడింట పంచుటకు కుదరలేదు. ఇద్దరికి మూడేసి మంచివి, ఒక్కొక్క సగపుది. మూడవ వారికి రెండు మంచివి, రెండు సగపువి, తగ్గిన వెండికి రొక్కము. ఇంతలో ఆ సహోదరి, “అయ్యగారూ, రెండు మంచివాటి భాగము నాకే ఉండనియ్యండి. అందులో ఆ చిల్లు రూపాయి మాత్రము నాకు రావలెను” అనెను. పేరులో ఒక ఎడ్వర్డు రూపాయికి కొక్కెము లేదు, చిల్లు ఉండెను. ముఖము కూడ పోల్చలేనంతగా అరిగినది. అందరికంటె ముందు పుట్టి రెండవ యేట చనిపోయిన అన్నకు తల్లి మొలలో కట్టిన రూపాయి యట అది. ఆ సంగతి తల్లి కుమార్తెకు మాత్రమే చెప్పెను. అన్నదమ్ములు మారుమాట లేకుండ ఇచ్చిరి. నేను కాగితముమీద ఆ రూపాయి యెదుట తూకము, చిల్లు, అరుగుదల అని వ్రాసి, వెండి వెల మాత్రమే వేసితిని. వేరొక అంకె వేయుటకు నాకు దారి తోచలేదు, వేయవలెనని ఎవరును అడుగలేదు.

అమ్మదలచిన వారికి సామెతలు 20:14 చదువుమని చెప్పుచున్నాను. కొనువాడు వస్తువు చెడ్డదని చెప్పి చెప్పి, తీరా కొని అవతలికి పోయి తాను చేసిన బేరమును మెచ్చుకొనునని సొలొమోను కనిపెట్టెను. నేటి అంగడిలో దానికి మార్పు లేదు. మీ నాణెపు లోపములు మీకు ముందే తెలిసియున్న యెడల లేని లోపమును చూపి వాడు వెల దించలేడు. రెండవ ప్రక్క కూడ చూడవలెను. పూడ్చిన చిల్లును, అరగదీసిన కొక్కెపు జాడను చెప్పకుండ అమ్ముట లేవీయకాండము 19వ అధ్యాయములో ధర్మశాస్త్రము నిషేధించిన అన్యాయపు తూకములోనిదే. వర్తకుడు మనలను ఎట్లును మోసగించును, మనము చెప్పనేల అని ఒకరు నన్నడిగిరి. వర్తకుడు ఆ నాణెమును తన యొద్ద ఉంచుకొనడు. అది మరియొకరి ఇంటికి, బహుశః మనవంటి వారి ఇంటికే, మంచిదన్న పేరుతో పోవును.

నేటి యువకులు సెల్‌ఫోనులో చూచిన ప్రకటనలను నమ్మి చెడిపోవుచున్నారు. పాత నాణెమునకు లక్షలిత్తుమని చెప్పి, ముందు పన్ను కట్టుమని, రుసుము పంపుమని అడుగుదురు. ఆ రుసుము పంపిన తరువాత ఫోను పలుకదు. రిజర్వు బ్యాంకు పేరును కూడ ఇట్టివారు వాడుకొనుచున్నందున, తాము పాత నోట్ల, నాణెముల క్రయవిక్రయములలో లేమనియు ఎట్టి రుసుమును అడుగమనియు ఆ బ్యాంకువారు 2021 ఆగస్టులో ప్రకటించిరి. కొనువాడు డబ్బు ఇయ్యవలెను గాని అమ్మువాడు ఎదురిచ్చుట ఎక్కడి బేరము? 1616 అనియు 1818 అనియు సంవత్సరములు వేసి, దేవతల బొమ్మలతో కంపెనీవారి అణా, అర్ధణా అని త్రిప్పు బిళ్లలు కూడ కంపెనీ టంకశాలలో పుట్టినవి కావు. అవి బియ్యపు గింజలను లాగుననియు, దానివలన కోట్లు వచ్చుననియు చెప్పు రైస్ పుల్లింగ్ మాట వట్టి దొంగతనము. దానికై పొలములు అమ్ముకొన్నవారున్నారు.

చట్టమును కూడ తెలిసికొనుడి. వారసత్వముగా వచ్చినది వేరు, దుక్కిలో బయటపడినది వేరు. నేలలో దాగియున్న ధనము పది రూపాయల విలువకు మించినదైతే కలెక్టరుగారికి తెలియజేయవలెనని 1878వ సంవత్సరపు నిక్షేపముల చట్టము చెప్పుచున్నది. మన నేలలో అట్టివి దొరకుట అపురూపము కాదు. నల్లగొండ ప్రాంతమున అక్కనపల్లియొద్ద కైసరు ఔగుస్తు, తిబెరి కైసరుల వెండి దేనారములే ఒక రాశిగా దొరికినవి. మరియు 1972వ సంవత్సరపు చట్టము ప్రకారము నూరేండ్లు దాటిన నాణెము పురావస్తువుగా ఎంచబడును. దానిని సొంతముగా విదేశమునకు తీసికొనిపోవుట నిషిద్ధము. గల్ఫు దేశములకో అమెరికాకో పోవు పిల్లలకు అవ్వగారి విక్టోరియా రూపాయిని గురుతుగా ఇచ్చి పంపువారు ఈ సంగతి తెలిసికొని ఇంటనే ఉంచుట మేలు.

దాచునప్పుడు ఒక్కొక్క రూపాయిని వేరువేరుగా మెత్తని నూలు గుడ్డలో చుట్టుడి. రబ్బరు పట్టీ వేయకుడి, అందులోని గంధకము వెండిని నల్లబరచును. మెత్తని ప్లాస్టిక్ సంచులు కొంతకాలమునకు పచ్చని జిగురు విడుచును. గుడ్డతోకూడ ఒక కాగితపు ముక్క పెట్టి, సంవత్సరము, తూకము, కొక్కెపు జాడ, చిల్లు, గీతలు, అది ఎవరిదై యుండెను, ఎవరు ఎప్పుడు కట్టుకొనిరి అను సంగతులు ముసలివారు జ్ఞాపకముతో ఉండగానే అడిగి వ్రాసి యుంచుడి.